బోర్డు పనితీరు మదింపు: ప్రశ్నపత్రం నింపించి సగటు తీస్తే సరిపోతుందా?

ప్రశ్న:
నమస్కారమండీ. మాది లాభాపేక్ష లేని సంస్థ, బోర్డులో 9 మంది సభ్యులున్నారు. గ్రాంట్ ఇచ్చే దాత ఒకరు బోర్డు పనితీరు మీద మదింపు నివేదిక అడిగారు. 40 వాక్యాల ప్రశ్నపత్రం ఒకటి దొరికింది, ఒక్కో వాక్యానికి 1 నుంచి 5 వరకు మార్కులు వేయాలి. అందరితో నింపించి, సగటు తీసి పంపిస్తే చాలా? ఈ పని తానే చూసుకుంటానని సీఈఓ అంటున్నారు. 8 వారాల గడువుంది.

జవాబు:
సరిపోదండీ. బోర్డు తన గురించి తాను ఏమనుకుంటోందో మాత్రమే ప్రశ్నపత్రం చెబుతుంది. నిజంగా ఏం చేస్తోందో తెలియాలంటే మినిట్స్ పుస్తకం, అంటే సమావేశాల్లో జరిగింది రాసిపెట్టే పుస్తకం తెరవాలి. ముందు కాగితాలు చూడండి, ఆ తర్వాతే ప్రశ్నపత్రం పంచండి. ఆ రెండూ ఎక్కడ పొసగడం లేదో అక్కడే అసలు చర్చ జరగాలి.

సీఈఓకి ఈ పని అప్పగించకండి. సీఈఓని నియమించేదీ, జీతం నిర్ణయించేదీ, అవసరమైతే తొలగించేదీ బోర్డే. అలాంటప్పుడు ఎంత నిజాయితీపరులైనా ఉన్నదున్నట్టు రాయడం కష్టం. అధ్యక్షుడికీ వద్దు, సగం ప్రశ్నలు ఆయన సమావేశాలు నడిపే తీరు గురించే ఉంటాయి. ఒక పాత సభ్యుడు, ఈమధ్య చేరిన ఒక సభ్యుడు కలిసి చూసుకుంటే బాగుంటుంది. సీఈఓ కాగితాలు సమకూర్చాలి, అదే ప్రశ్నపత్రాన్ని విడిగా నింపి ఇవ్వాలి. ఆ జవాబులను సభ్యుల జవాబులతో కలపకుండా పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఎక్కువగా ఉన్న చోట్లు పనికొస్తాయి.

తెప్పించుకోవాల్సినవి: నియమావళి, గత 18 నెలల మినిట్స్, ప్రతి సమావేశానికీ పంపిన ఎజెండా కాగితాలు, హాజరు పట్టిక, చివరి 2 ఆడిట్ నివేదికలు, లోపాలు ఎత్తిచూపుతూ ఆడిటర్ రాసిన లేఖ ఉంటే అది, సభ్యులు తమ వ్యాపార సంబంధాలూ బంధుత్వాలూ వెల్లడిస్తూ సంతకం చేసిన పత్రాలు, సీఈఓ పనితీరును చివరిసారి సమీక్షించిన కాగితం.

మినిట్స్ చదివేటప్పుడు ఒక పట్టిక గీసుకోండి. ప్రతి తీర్మానానికీ ఒక వరుస. సంబంధిత కాగితం సమావేశానికి ఎన్ని రోజుల ముందు అందింది, ఎవరైనా ప్రశ్న అడిగినట్టు ఉందా, ప్రతిపాదన మారిందా, పని ఎవరికి అప్పగించారు, ఎప్పటిలోగా, తర్వాతి సమావేశంలో దాని సంగతి అడిగారా? ఈ ఆరు గడులూ నింపుతూ పోతే బోర్డు స్వరూపం కళ్లకు కడుతుంది. "బడ్జెట్‌ను చర్చించి ఏకగ్రీవంగా ఆమోదించారు" అన్న ఒక్క వాక్యం ఏమీ రుజువు చేయదు. "అద్దె పద్దు ఎందుకు పెరిగిందని అడిగారు, కోశాధికారి వివరించాక, ప్రయాణాల పద్దు తగ్గించి ఆమోదించారు" అని ఉంటే అక్కడ పాలన జరిగినట్టు. ఎవరు ఏమన్నారో మాటమాటా రాయనక్కర్లేదు, ఏ అంశం తూచి చూశారో తెలిస్తే చాలు.

18 నెలల్లో ఒక్క ప్రతిపాదనైనా వెనక్కి వెళ్లలేదు, మారలేదు, వాయిదా పడలేదు అంటే ప్రతిపాదనలన్నీ అంత బాగున్నాయని అనుకోవద్దు. మామూలుగా ఉండే కారణాలు రెండు. కాగితాలు సమావేశం రోజునే చేతికిస్తున్నారు, లేదా నిర్ణయం ఇద్దరు ముగ్గురి మధ్య ముందే అయిపోతోంది. మొదటి గడి చూస్తే ఈ రెండింటిలో ఏది కారణమో తేలిపోతుంది.

కోరం, అంటే సమావేశం చెల్లడానికి ఉండాల్సిన కనీస సభ్యుల సంఖ్య దగ్గర చాలామంది ఆరంభంలో తలలు లెక్కపెట్టి ఊరుకుంటారు. 9 మందికి కోరం 5 అనుకుందాం. 5 మందితో మొదలై, ఒకరు మధ్యలో వెళ్లిపోయారు. ఆ తర్వాత చేసిన తీర్మానాలు చెల్లుతాయా? కోరం ఆరంభంలో ఉంటే చాలా, చివరిదాకా ఉండాలా అన్నది నియమావళిలో చూడాలి. సొంత ప్రయోజనం ఉందని ఒక అంశం నుంచి తప్పుకున్న సభ్యుణ్ని కోరంలో లెక్కిస్తారా లేదా అన్నదీ అంతే. మినిట్స్‌లో వెళ్లిన సమయం రాయకపోతే ఈ ప్రశ్నలకు జవాబే దొరకదు.

మరో జవాబు:
పైన చెప్పిన వెల్లడి పత్రాల గురించి ఇంకొంచెం. సంతకాలున్నాయా అని చూసి వదిలేయడం అందరూ చేసే పొరపాటు. ఏడాదిలో ఎవరెవరికి చెల్లింపులు వెళ్లాయో జాబితా తీయండి: అద్దె, సరఫరాలు, కన్సల్టెంట్ ఫీజులు, జీతాలు. దాన్ని సభ్యుల పేర్లతో, వాళ్లు వెల్లడించిన బంధువుల, వ్యాపారాల పేర్లతో పోల్చండి. ఎక్కడైనా కలిస్తే ఆ నిర్ణయం జరిగిన రోజు మినిట్స్ తీసి, ఆ సభ్యుడు గదిలోంచి బయటికి వెళ్లినట్టు, ఇతర ధరలు పోల్చి చూసినట్టు రాశారా చూడండి. లావాదేవీ ఉండటమే తప్పని కాదు, దాచిపెట్టడం తప్పు. వెల్లడించని చెల్లింపు కంటపడితే మాత్రం మదింపు నివేదికలో ఒక పేరాగా సర్దేయకండి. అది వెంటనే ఆడిట్ కమిటీకి, అది లేకపోతే ఆడిటర్‌కి చెప్పాల్సిన విషయం.

ఇక ప్రశ్నపత్రం. 40 ఎక్కువ, 25 దాటితే చివరి పేజీలో అందరూ వరసపెట్టి 4 వేసేస్తారు. "బోర్డు ఆర్థిక వ్యవహారాలను చక్కగా పర్యవేక్షిస్తోంది" లాంటి వాక్యాలు కొట్టేయండి, వాటికి కాదనేవారుండరు. దాని బదులు "ఫలానా పనికే వాడాలన్న షరతుతో వచ్చిన డబ్బు ఎంతో, స్వేచ్ఛగా వాడుకోగలిగేది ఎంతో నాకు తెలుసు" అని పెట్టండి. "తెలియదు" అనే గడి తప్పకుండా ఉండాలి. అది లేకపోతే తెలియనివాళ్లు మొహమాటానికి 3 వేస్తారు, అసలు విషయం అక్కడే మరుగున పడిపోతుంది.

సగటును నమ్మకండి. ఒక వాక్యానికి 5 మంది 5, నలుగురు 1 వేస్తే సగటు 3.2. అందరూ 3 వేస్తే 3. కాగితం మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. మొదటిది రెండుగా చీలిన బోర్డు, రెండోది ఎటూ తేల్చుకోని బోర్డు. ఒక్కో వాక్యానికి ఏ మార్కు ఎంతమంది వేశారో చూపించండి.

ఒక ప్రశ్నకు అంకె రాయమనండి: "కొత్త ఆదాయం ఆగిపోతే ఎన్ని నెలలు నడవగలం?" సరైన జవాబు మీరు ముందే లెక్కగట్టి పెట్టుకోండి. షరతుల్లేని నిధులు 48 లక్షలు, అందులో 30 లక్షలు భవనం, వాహనాల రూపంలో ఉన్నాయి, నెల ఖర్చు 6 లక్షలు అనుకుంటే, మిగిలే 18 లక్షలు 3 నెలలకే వస్తాయి. భవనాన్ని కూడా కలిపేసి 8 నెలలని రాసే సభ్యులు ఉంటారు. భవనాన్ని అమ్మితే తప్ప దానితో జీతాలివ్వలేమని అప్పుడు వివరించవచ్చు. ఈ ఒక్క ప్రశ్న బోర్డుకు అందుతున్న ఆర్థిక నివేదిక ఎంత అర్థమవుతోందో చెప్పేస్తుంది.

అడిగినవారు:
చాలా థాంక్సండీ. రెండు చిక్కులు. 9 మందే కాబట్టి ఎవరు ఏం రాశారో ఇట్టే తెలిసిపోతుంది. పైగా మా అధ్యక్షులు వ్యవస్థాపకులు కూడా, ఇదంతా తన మీద విచారణ అనుకుంటారేమో.

జవాబు:
పత్రం మీద పదవి, చేరిన ఏడాది అడగకండి. ఆన్‌లైన్‌లో అయితే ఈమెయిల్ నమోదు కాకుండా సెట్ చేయండి. వ్యాఖ్యలను యథాతథంగా అతికించకుండా, అంశాల వారీగా కలిపి మీ మాటల్లో తిరగరాయండి. పాతవారి మార్కులు, కొత్తవారి మార్కులు అంటూ ఇంత చిన్న బోర్డును విడదీయొద్దు.

అధ్యక్షుల విషయంలో, మొదటి వారమే బోర్డు చేత ఒక తీర్మానం చేయించండి: మదింపు ఎందుకు, ఎవరు చేస్తారు, ఫలితాలు ఎవరు చూస్తారు, దాతకు ఏం వెళుతుంది. ఆ తీర్మానం అధ్యక్షులే ప్రతిపాదిస్తే సగం బరువు దిగుతుంది. మొత్తం బోర్డు మదింపునూ, ఒక్కో సభ్యుడి పనితీరునూ ఒకే పత్రంలో కలపకండి. హాజరు తక్కువున్న సభ్యులతో అధ్యక్షులు విడిగా కూర్చుని మాట్లాడవచ్చు. అధ్యక్షుల పనితీరు గురించి ఉపాధ్యక్షులు మాట్లాడాలి. నియమావళిలో పదవీకాలానికి పరిమితి లేకపోతే, వ్యవస్థాపకుల పేరెత్తకుండా దాన్నే ఒక లోటుగా రాయండి. పరిమితి పెట్టేటప్పుడు అందరి గడువూ ఒకే ఏడాది ముగియకుండా, మూడో వంతు చొప్పున మారేలా చూడండి.

మరో జవాబు:
బోర్డులో ఇప్పటికే గొడవలుంటే బయటివారిని పెట్టుకోవడం మేలు. అయితే వాళ్లు నివేదిక ఇవ్వాల్సింది మొత్తం బోర్డుకి. చిత్తుప్రతి సీఈఓ ఒక్కరి దగ్గరకే వెళ్లేలా ఒప్పందం రాసుకోవద్దు. గొడవల్లేకపోతే మీ ఇద్దరు సభ్యులు చాలు.

వీలైతే ఒక సమావేశంలో గడియారం పెట్టుకుని కూర్చోండి. నివేదికలు చదివి వినిపించడానికి ఎన్ని నిమిషాలు, రాబోయే విషయాలు నిర్ణయించడానికి ఎన్ని నిమిషాలు పట్టాయో రాసుకోండి. ముందే పంపిన నివేదికను మళ్లీ చదివి వినిపిస్తుంటే, ఇళ్ల దగ్గర ఎవరూ చదవడం లేదన్నమాట. ఏటా ఒకసారైనా సిబ్బంది లేకుండా ఆడిటర్‌తో బోర్డు మాట్లాడుతోందా అన్నదీ అడగండి.

8 వారాలంటే ఇలా సర్దుకోవచ్చు: 1వ వారం తీర్మానం, 2, 3 వారాల్లో కాగితాలు, 4లో ప్రశ్నపత్రం, 5లో క్రోడీకరణ, 6లో రెండు గంటల చర్చ, 7లో ప్రణాళిక, 8లో బోర్డు ఆమోదం. దాతకు మార్కుల పట్టిక పంపనక్కర్లేదు. ఏ పద్ధతిలో చూశారో, తేలిన లోట్లు ఏవో, ఏం చేయబోతున్నారో పంపండి.

చేయబోయే పనులు మూడుకు మించొద్దు. "బోర్డు మరింత చురుకుగా ఉండాలి" అని రాస్తే ఎవరూ ఏమీ చేయరు. "వచ్చే త్రైమాసికం నుంచి ఎజెండా కాగితాలు 7 రోజుల ముందు అందాలి, బాధ్యత కార్యదర్శిది, ఆలస్యంగా వచ్చిన కాగితం మీద ఆ రోజు ఓటింగ్ ఉండదు" అని రాయండి. అత్యవసరానికి మినహాయింపు కావాలంటే, ఎవరు అనుమతించాలో కూడా ఆ వాక్యంలోనే పెట్టండి.