రూజ్‌వెల్ట్ "భయం" మాట: ఆ రోజు అసలేం జరిగింది?

ఉదయిని:
మా చెల్లి ఇంటర్ సెకండియర్. కాలేజీలో వక్తృత్వ పోటీ ఉంది, "మనం భయపడాల్సింది ఒక్క భయానికే" అన్న ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ మాటతో మొదలుపెట్టి పరీక్షల టెన్షన్ గురించి మాట్లాడతానంటోంది. ఆ మాటని గోడ మీద పోస్టర్‌లా వాడేయడం నాకెందుకో నచ్చట్లేదు. అమెరికా అధ్యక్షుడు ఏదో పెద్ద కష్టకాలంలో అన్నాడనే తెలుసు. ఆ రోజు ఏం జరిగింది, ఆ మాట వల్ల జనానికి ఏమైనా ఒరిగిందా? ఆయన అన్నవాటిలో ఇంకేమైనా పనికొస్తాయా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయండి.

పాత లెడ్జర్:
అమ్మా, నేను బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ణి, ఈ కథంటే నాకు చాలా ఇష్టం, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తాను. అది 1933 మార్చి 4, ఆయన మొదటిసారి అధ్యక్షుడిగా ప్రమాణం చేసిన రోజు. ఆ తెల్లవారుజామునే న్యూయార్క్, ఇల్లినాయిస్ రాష్ట్రాల్లో బ్యాంకులు మూసేశారు, మిగతా చాలా రాష్ట్రాల్లో అప్పటికే మూతబడ్డాయి, లేదంటే ఇంతకు మించి డబ్బు తీయకూడదని ఆంక్షలు పెట్టారు. దేశంలో సుమారు నలుగురిలో ఒకరికి పని లేదు. బ్యాంకు మునుగుతుందేమోనని అందరూ ఒకేసారి ఎగబడితే బాగున్న బ్యాంకు కూడా మునిగిపోతుంది, ఎందుకంటే మనం వేసిన డబ్బు పెట్టెలో ఉండదు, అప్పుల రూపంలో బయట తిరుగుతుంటుంది. అంటే ఆ రోజు భయమే బ్యాంకుల్ని ముంచుతోంది, ఆయన ఉన్న సంగతే చెప్పాడు. ఆ వాక్యం అక్కడితో ఆగదు కూడా. పేరు లేని, తర్కం లేని, కారణం లేని భయం, వెనకడుగుని ముందడుగుగా మార్చే ప్రయత్నాన్ని చచ్చుబడేలా చేసే భయం అని సాగుతుంది. పోస్టర్లలో ఆ రెండో సగం ఉండదు.

నన్నడిగితే అంతకంటే గొప్ప మాట ఎనిమిది రోజుల తర్వాత వచ్చింది. 6న దేశంలోని బ్యాంకులన్నిటికీ సెలవు ప్రకటించాడు, 9న కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు, ఒక్కరోజులో చట్టం చేసింది, 12వ తేదీ ఆదివారం రాత్రి రేడియోలో మాట్లాడాడు. బ్యాంకుల గురించి కొద్ది నిమిషాలు మాట్లాడతానని మొదలుపెట్టి, మీరు వేసిన డబ్బు ఎక్కడికి పోతుంది, బ్యాంకులు ఎందుకు మూశాం, ఏవి ఎప్పుడు తెరుస్తాం, అన్నీ మామూలు మనిషికి అర్థమయ్యేలా చెప్పాడు. డబ్బు పరుపు కింద దాచుకోవడం కంటే తిరిగి తెరిచిన బ్యాంకులో పెట్టుకోవడమే క్షేమం అన్నది ఆ ప్రసంగంలోదే. మర్నాటి నుంచి బ్యాంకులు తెరుస్తుంటే జనం డబ్బు వెయ్యడానికి వచ్చారు! తీసి దాచుకున్న నోట్లలో సగానికి పైగా రెండు వారాల్లో వెనక్కి వచ్చేశాయి. న్యూయార్క్ స్టాక్ మార్కెట్ 15న తిరిగి తెరిస్తే ఆ ఒక్కరోజే 15 శాతం పెరిగింది. నా సర్వీసంతా కౌంటర్ అవతల జనం మొహాలు చూసినవాణ్ణి, అది ఎంత పెద్ద విషయమో నాకు తెలుసు.

కృష్ణా తీరం:
లెడ్జర్ గారూ బాగా రాశారు, కానీ రేడియో మాటకే మొత్తం ఘనత ఇచ్చేస్తే ఎలా అండీ. దాని వెనక చట్టం ఉంది, బాగున్న బ్యాంకులకే తెరవడానికి అనుమతి ఇచ్చారు. డిపాజిట్లకి ప్రభుత్వ బీమా కూడా ఆ ఏడాది జూన్‌లో చేసిన చట్టంతోనే వచ్చింది, 1934 జనవరి 1 నుంచి 2,500 డాలర్ల దాకా. రూజ్‌వెల్ట్‌కి మొదట్లో ఆ బీమా ఇష్టం లేదు, కాంగ్రెస్ పట్టుబట్టింది. మన దేశంలో అలాంటిది 1962లో 1,500 రూపాయలతో మొదలైంది, 2020 నుంచి 5 లక్షలు. మా వైపు ఒక కోఆపరేటివ్ బ్యాంకు మూతబడ్డప్పుడు మేనేజరు బయటికొచ్చి "ఎవరూ కంగారుపడొద్దు" అన్నాడు, ఒక్కరూ కదల్లేదు, మా మేనత్త సాయంత్రం దాకా ఆ మెట్ల మీదే కూర్చుంది. చేతిలో ఏమీ లేకుండా ఎవరు ధైర్యం చెప్పినా అంతే.

సియాటిల్ శ్రీను:
ఇంకో సంగతి కూడా చెల్లికి చెప్పండి అక్కా. ఇదే రూజ్‌వెల్ట్ 1941 జనవరి 6న కాంగ్రెస్ ముందు నాలుగు స్వేచ్ఛల గురించి మాట్లాడాడు, అందులో నాలుగోది భయం నుంచి స్వేచ్ఛ. ఏడాది తిరిగేసరికి, పెర్ల్ హార్బర్‌లోని అమెరికా నౌకాస్థావరం మీద జపాన్ దాడి చేసిన తర్వాత, 1942 ఫిబ్రవరి 19న 9066 నంబరు ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. దాంతో పశ్చిమ తీరంలో ఉన్న జపాన్ మూలాలవాళ్లని సుమారు 1,20,000 మందిని ఇళ్లలోంచి తీసుకెళ్లి శిబిరాల్లో పెట్టారు. వాళ్లలో మూడింట రెండొంతుల మంది అమెరికా పౌరులే. నేనుండే ఈ ఊరి నుంచి కూడా తీసుకెళ్లారు. ప్రభుత్వం క్షమాపణ చెప్పి, బతికున్నవాళ్లకి తలా 20,000 డాలర్లు ఇవ్వాలని చట్టం చేసింది 1988లో. తర్కం లేని భయం అని ఎంత బాగా చెప్పాడో, తొమ్మిదేళ్ల తర్వాత దానికే లొంగాడు. ఆయన్ని పొగిడే ఏ ప్రసంగంలోనైనా ఇది లేకపోతే నాకు మనసొప్పదు.

ఉదయిని:
అందరికీ చాలా థాంక్స్. శ్రీను గారూ, మీరు చెప్పింది చదివి చెల్లి చాలాసేపు మాట్లాడలేదు, ఇప్పుడు అది తప్పకుండా పెడతానంటోంది. మొదలు మాత్రం పరుపు కింద డబ్బుతోనే అట. పరీక్షల సంగతి తీసేసింది. లెడ్జర్ గారూ, ఇంకొక మాట ఏదైనా చెబుతారా, అందరికీ ఇట్టే అర్థమయ్యేది?

పాత లెడ్జర్:
ఉందమ్మా. 1940 డిసెంబర్ 17, విలేకరుల సమావేశం. యుద్ధంలో ఉన్న బ్రిటన్ దగ్గర ఆయుధాలు కొనడానికి డబ్బు అయిపోతోంది. పక్కింటికి నిప్పంటుకుంటే, తోటకి నీళ్లు పెట్టే నా పైపు ఖరీదు 15 డాలర్లు, ముందు అది కట్టు అని అడుగుతానా, నాకు 15 డాలర్లు వద్దు, మంటలు ఆరాక నా పైపు నాకిస్తే చాలు అన్నాడు. మూడు నెలలు తిరక్కుండానే, 1941 మార్చి 11న, ఆయుధాలు అరువిచ్చే చట్టం మీద సంతకమైంది. నేను ముందు చెప్పిన 1933 మార్చి 12 నాటి బ్యాంకుల రేడియో ప్రసంగం ఆడియో ఇప్పటికీ దొరుకుతుంది, పావుగంట కూడా ఉండదు, పోటీకి ముందు చెల్లిని ఒకసారి పూర్తిగా వినమనండి. ఎంత నిదానంగా మాట్లాడతాడో గమనించమనండి.