ఖార్కివ్ పార్కులో షెవ్చెంకో విగ్రహం కింద ఆ సైనికుడు ఎవరు?

ప్రశ్న:
హాయ్ అండీ, మా కజిన్ ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో ఎంబీబీఎస్ చదివినప్పటి ఫొటోలు చూస్తున్నా. షెవ్చెంకో గార్డెన్‌లో పెద్ద స్మారకం, పైన ఉక్రెయిన్ కవి షెవ్చెంకో నిలబడి ఉంటాడు, కింద దిమ్మె చుట్టూ మెట్లమెట్లుగా బోలెడు మంది. చంటిబిడ్డని ఎత్తుకున్న అమ్మాయి వరకు ఓకే, కానీ జెండా పట్టుకున్న సైనికుడికి అక్కడేం పని? షెవ్చెంకో 1861లోనే పోయాడు కదా?

రిప్లై 1:
ఆ అమ్మాయి కటెరీనా, ఆయన రాసిన కావ్యంలోదే. రష్యన్ ఆఫీసర్ మోసం చేసి పోతే కన్నవాళ్ళే ఇంట్లోంచి పంపేస్తారు. మొత్తం 16 మంది, ఆమె దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ చూడాలి, ముందు తిరగబడ్డ రైతులు, సంకెళ్ళు తెంచుకునే కోసాక్ (ఉక్రెయిన్ పాతకాలపు యోధుడు), తర్వాత రష్యా విప్లవం వాళ్ళు, మీరడిగిన జెండా సైనికుడు వీళ్ళలోనే, చివరికి గని కార్మికుడు వగైరా. 1935లో పెట్టారు, శిల్పి మనీజర్. సోవియట్ సర్కారు కదా, షెవ్చెంకో కలగన్న విముక్తి మేమే చేసి చూపించాం అని చెప్పుకోవడం అన్నమాట. అదే సర్కారు విధానాల వల్ల వచ్చిన 1932-33 కరువులో అక్కడి రైతులు లక్షల్లో చచ్చిపోయిన రెండేళ్ళకే ఇది, అదీ సంగతి.

రిప్లై 2:
రాజకీయం పక్కనపెడితే శిల్పం మాత్రం అదిరిపోతుంది బాస్. నేనూ అక్కడే చదివా, సుమ్స్కా వీధి వైపు నుంచి లోపలికి రాగానే ఎదురుగా అదే, 16 మీటర్ల పైనే ఎత్తు, తల పూర్తిగా వెనక్కి వంచితే గానీ ఆయన మొహం కనపడదు. 2022లో యుద్ధం మొదలయ్యాక ఇసుక బస్తాలు పేర్చి కప్పేశారు, ఆ ఫొటో చూసి చాలాసేపు ఏం తోచలేదు.

రిప్లై 3:
ఇంకోటి, ఆ బొమ్మలకి మోడల్స్‌గా నిలబడ్డది బెరెజిల్ నాటకసంస్థ నటులు, కటెరీనాకి నటాలియా ఉజ్వీ. వాళ్ళ డైరెక్టర్ లెస్ కుర్బాస్‌ని సోవియట్ సర్కారు వాళ్ళు 1933లోనే అరెస్ట్ చేశారు, 1937లో కాల్చేశారు. నటుల మొహాలు కంచులో ఉన్నాయి, వాళ్ళని తయారుచేసినాయన మాత్రం లేడు.

ప్రశ్న అడిగినవారు:
థాంక్యూ అందరికీ. కీవ్‌లో కూడా ఒకటుంది కదా, అక్కడా ఇలాగే మనుషులుంటారా?

రిప్లై 1:
లేరండీ, అక్కడ ఒక్కడే. అదీ మనీజర్‌దే, 1939. ఇదివరకు అక్కడ రష్యా చక్రవర్తి (జార్) నికోలస్ 1 విగ్రహం ఉండేది, 1847లో షెవ్చెంకోని రాయకూడదు, బొమ్మలు వేయకూడదు అని ఆర్డరేసి సైన్యంలోకి తోలేసింది ఆ జారే.