నేపాల్ ఆయుధ కంటైనర్లు: ఐరాస వెళ్లాక లెక్క ఎవరు చూశారు?

నేపాల్ శాంతి ప్రక్రియ బాగా తెలిసినవారు సాయం చేయండి. ప్రభుత్వానికీ మావోయిస్టులకూ మధ్య 2006 నవంబరు 21న కుదిరిన శాంతి ఒప్పందం తర్వాత మావోయిస్టు సైనికులను 7 ప్రధాన శిబిరాల్లో, వాటి చుట్టూ 21 చిన్న శిబిరాల్లో ఉంచారు. ఐరాస తనిఖీలో సైనికులుగా నిలిచినవారు 19,602 మంది. నమోదైన ఆయుధాలు మాత్రం 3,475. ఈ తేడా అప్పట్లోనే అనుమానాలు రేపింది.

ఆ ఆయుధాలను కంటైనర్లలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి మావోయిస్టుల దగ్గరే ఉండేది. ఐక్యరాజ్యసమితి వాళ్లకు నమోదు జాబితా, నిఘా కెమెరా, సైరన్. నేపాల్ సైన్యమూ అంతే సంఖ్యలో ఆయుధాలను అలాగే దాచింది. ఏ పక్షమూ లొంగిపోయినట్టు కనిపించకపోవడమే ఇందులోని నేర్పు. 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ నక్సలైట్లకూ హైదరాబాద్‌లో జరిగిన చర్చల్లో ఆయుధాల విషయమే పెద్ద చిక్కు కాబట్టి, ఈ పద్ధతి మనవాళ్లూ క్షుణ్ణంగా తెలుసుకోవాలి.

2011 జనవరి 15న ఐరాస మిషన్ ముగిసింది. తాళంచెవులు ప్రత్యేక కమిటీకి (మావోయిస్టు సైనికుల పర్యవేక్షణ, విలీనం, పునరావాసం చూసే నేపాల్ కమిటీ) అందింది సెప్టెంబరులో. ఆ సుమారు ఎనిమిది నెలలూ శిబిరాల్లో సైరన్, రిజిస్టర్ ఎవరి చేతిలో ఉన్నాయి? తాళంచెవులు తీసుకున్నప్పుడు తుపాకుల క్రమసంఖ్యలు మళ్లీ సరిచూశారా, లేక పాత జాబితా మీదే సంతకాలు పెట్టారా? నేపాలీ పత్రాలు చదివినవారు కమిటీ ఉత్తర్వు తేదీ చెప్పినా చాలు, మిగతాది వెతుక్కుంటాను.