కలివికోడి, బట్టమేకపిట్ట, బావురుపిల్లి: ఒకే ట్రిప్పులో కుదురుతాయా?

సీమదారి: డిసెంబరు చివర్లో వారం సెలవు, సొంత కారు, 400 ఎంఎం లెన్సు. కలివికోడి (జెర్డాన్స్ కోర్సర్ అనే అరుదైన నేలపిట్ట), బట్టమేకపిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్), బావురుపిల్లి (చేపలు పట్టే అడవిపిల్లి, ఫిషింగ్ క్యాట్), ఈ మూడూ చూడాలి. ఏ వరసలో వెళ్లాలి? బస ఎక్కడ?

తుమ్మముల్లు: బట్టమేకపిట్ట మీద ఆశ పెట్టుకోకండి. దానికోసమే కర్నూలు వైపున్న రోళ్లపాడు గడ్డిభూముల్ని 1988లో అభయారణ్యం చేశారు. ఉన్నది 614 హెక్టార్లు. చుట్టూ మెట్ట పొలాలకు కాలువ నీళ్లొచ్చి పైర్లు మారాయి, పిట్ట పోయింది, కృష్ణజింకలు మిగిలాయి. చలికాలం సాయంత్రం ఐదు దాటాక గడ్డిలో రాత్రి మకాంకి దిగే హారియర్ గద్దల్ని చూడండి, అవైనా దక్కుతాయి.

లంకమల్ల: కలివికోడి ఉండేది కడప దగ్గరి లంకమల పొదల్లో, పగలు కదలదు. పొద్దుగుంకిన ముప్పావుగంటకు అటూఇటూ రెండు స్వరాల కూత, అదీ కొద్ది నిమిషాలే. బండి ఇంజిను ఆపి, టార్చి ఆర్పి, ఒకేచోట నిలబడితేనే వినిపిస్తుంది. చిక్కటి అడవిలో వెతక్కండి. ఆరడుగులు దాటిన పొదలు హెక్టారుకు 300 నుంచి 700, మధ్యలో బోసి నేల, అదీ దాని చోటు.

క్లిక్‌రాజా: ఇంత కష్టమెందుకు బ్రో, ఫోన్‌లో దాని కూత పెడితే అదే పలుకుతుంది.

లంకమల్ల: దయచేసి ఆ పని చేయకండి! మిగిలిందే గుప్పెడు పిట్టలు. ఆ కాస్త వేళలో మేత మానేసి లేని పోటీదారు కోసం తిరుగుతుంది.

క్లిక్‌రాజా: సర్వేవాళ్లు పెట్టలేదా? వాళ్లకో రూలు, మాకో రూలా?

పాదముద్ర: సర్వేల్లో పనిచేసినవాణ్ణి, చెబుతున్నా వినండి. అనుమతి తీసుకుని, లెక్క ప్రకారం పెట్టి ఆపేస్తాం. ఫొటో కోసం అరగంట మోగించడం, అదీ ఒకటేనా? అసలు మేం ఎక్కువగా నమ్ముకున్నది నేలని. ఐదు మీటర్ల పట్టీలో మట్టి మెత్తగా చేసి, సాయంత్రం చదును చేసి, తెల్లారి అడుగులు చూస్తాం. మూడు వేళ్లే ఉన్నాయి, వెనక వేలు లేదు కాబట్టి కలివికోడే అనుకోకండి. అక్కడే తిరిగే థిక్‌నీ అనే మరో నేలపిట్టకీ మూడే. ముద్ర పక్కన స్కేలు పెట్టి నిట్టనిలువుగా ఫొటో తీయాలి, ఏటవాలుగా తీస్తే కొలత తప్పుతుంది.

క్లిక్‌రాజా: సరే మాస్టారూ, ఫోన్ తియ్యను. లోపలికి రాత్రిపూట పంపిస్తారా?

తుమ్మముల్లు: అడవి శాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టొద్దు. ముందే రాతపూర్వకంగా అడగండి. గేటు దగ్గర బతిమాలితే పని జరగదు.

నేలపట్టు_ఫ్యాన్: డిసెంబరంటే నేలపట్టు పక్షుల చెరువును వదిలేస్తారా? కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడుతుంటాయి, పొద్దున్నే వెలుగు బాగుంటుంది. పులికాట్ ఫ్లెమింగోలు పక్కనే.

లంకమల్ల: అడిగింది అరుదైనవాటి గురించి అన్నా.

మడకాలువ: బావురుపిల్లి గురించి ఎవరూ మాట్లాడరేం? అది ఉండేది కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవుల్లో. లంకమల నుంచి కోరింగ 500 కిలోమీటర్ల పైనే, ఒక పగలు దారికే పోతుంది. పిల్లి రాత్రి తిరుగుతుంది, పడవలు పగలే తిప్పుతారు, కాబట్టి కనిపించడం అదృష్టం. ముందు కాకినాడ పోటుపాట్ల (సముద్రం నీళ్లు ఎక్కే, దిగే వేళల) పట్టిక చూడండి. పాటు, అంటే నీళ్లు దిగే వేళ, రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, నిన్నటి టైముకే వెళ్తే నీళ్లు ఇంకా పూర్తిగా దిగి ఉండవు. తెల్లవారాక పాటు పడే రోజు ఎంచుకుంటే బురద గట్టు మీద తాజా అడుగులు దొరుకుతాయి, నీటికుక్కలూ అప్పుడే గట్టెక్కుతాయి. చెక్క వంతెన మీద నడుస్తూ బురదని చూడండి, చెట్లపైకి కాదు.

సీమదారి: మరి బస?