విరగని బిళ్ల: సైనికుల సమాధుల నుంచి వచ్చిన వస్తువులు దాచుకోవచ్చా?

అటక_పెట్టె

పన్నెండేళ్లుగా రెండో ప్రపంచ యుద్ధం నాటి వస్తువులు పోగేస్తున్నాను. బెల్టు బకిల్స్, బటన్లు, నీళ్ల సీసాలు, రెండు హెల్మెట్లు. ఎక్కడివి అని అమ్మినవాళ్లను ఎప్పుడూ అడగలేదు. నిజం చెప్పాలంటే అడగాలని తోచనే లేదు.

పోయిన నెల ఆన్‌లైన్ వేలంలో ఒక అట్టపెట్టె కొన్నాను. "తూర్పు రంగం, నేలలో దొరికినవి" అని తప్ప వివరమేమీ లేదు. పైన తుప్పు పట్టిన తూటా గొట్టాలు. అడుగున ఒక మట్టి గడ్డ. టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్దుతుంటే ముందు బటన్లు బయటపడ్డాయి, ఐదూ ఒకే రకం. తర్వాత సగం పళ్లు ఊడిన దువ్వెన. ఆ దువ్వెనకు అంటుకుని జర్మన్ సైనికుడి గుర్తింపు బిళ్ల. కోడిగుడ్డు ఆకారం, పైన రెండు చిల్లులు, కింద ఒకటి, మధ్యలో అడ్డంగా మూడు సన్నటి చీలికలు. బిళ్ల ఎక్కడా విరగలేదు. పై సగం మీద ఉన్నదే కింది సగం మీదా కొట్టి ఉంది: దళం పేరు, ఒక నంబరు, రక్తం గ్రూపు అక్షరం. మనిషి పేరు మాత్రం లేదు.

బ్రష్ అక్కడే పెట్టేసి లేచాను. దువ్వెన చూశాకే కాళ్లూ చేతులూ ఆడలేదు. హెల్మెట్ చూస్తే యుద్ధం గుర్తొస్తుంది. దువ్వెన చూస్తే పొద్దున్నే తల దువ్వుకున్న కుర్రాడు గుర్తొస్తాడు.

దీన్ని దాచుకోవచ్చా? అమ్మాలా? ఎవరికైనా పంపాలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పాత_పతకం

అటక_పెట్టె గారూ, ముందు స్థిమితపడండి. మీరు ఎవరి సమాధీ తవ్వలేదు.

ముప్పై ఏళ్లుగా ఈ వ్యాపకంలో ఉన్నవాడిగా చెబుతున్నాను. నేల దేన్నీ కాపాడదు, తినేస్తుంది. జర్మన్ బిళ్లల్లో జింకువి చాలా ఉన్నాయి. తడి నేలలో అవి పొడిపొడిగా రాలిపోతాయి. నాగలి కింద నలిగేవి కొన్ని, రోడ్డు పనుల్లో కంకరతో కలిసిపోయేవి కొన్ని. మనలాంటి వాళ్లు కొనకపోతే అవి ఏ మ్యూజియానికీ చేరవు, చెత్తలోకి పోతాయి.

ఇంకో మాట. సైనిక వస్తువు అనగానే శవం మీది నుంచి తీసిందే అనుకోకండి. లొంగిపోయినవాళ్లు కుప్పపోసిన సామాన్లు ఉన్నాయి. సైనికులు స్వయంగా ఇంటికి తెచ్చుకున్నవి ఉన్నాయి. గోదాముల్లో వాడకుండా మిగిలిపోయిన సరుకు ఉంది. అన్నిటినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. తడి తగలకుండా దాచండి, అదే ఆ కుర్రాడికి గౌరవం.

కందకం_అంచున

అనుమతి ఉన్న తవ్వకాల్లో కొన్ని వేసవులు స్వచ్ఛందంగా పనిచేశాను. అటక_పెట్టె గారూ, బిళ్ల విరగలేదని రాశారే, నా చూపు అక్కడే ఆగిపోయింది.

ఆ మూడు చీలికలు ఎందుకున్నాయో చెబుతాను. సైనికుడు చనిపోతే తోటివాళ్లు బిళ్లను ఆ చీలికల దగ్గర విరిచి, కింది సగం పై అధికారులకు పంపాలి. పై సగం శవం మెడలోనే ఉండి మట్టిలోకి వెళ్లాలి. రెండు సగాల మీదా ఒకే రాత ఉండేది అందుకే. కింది సగం చేరితే కాగితాల మీద అతను మరణించినట్టు. చేరకపోతే చాలాసార్లు "జాడ తెలియలేదు" దగ్గరే ఆ కాగితం ఆగిపోయేది. శవంతో పాటు విరగని బిళ్ల దొరికిందంటే, అతను పడిపోయినప్పుడు దాన్ని విరిచేంత తీరిక ఉన్నవాడు పక్కన మిగల్లేదన్నమాట.

ఈ రకం జర్మన్ బిళ్ల మీద పేరు ఉండదు. ఏ దళంలో ఏ నంబరు ఎవరిదో చెప్పే జాబితాలు బెర్లిన్‌లో ఉన్నాయి, 2019 నుంచి అవి జర్మనీ ఫెడరల్ ఆర్కైవ్స్ చేతిలో ఉన్నాయి. సమాధుల సంగతి చూసేది ఫోక్స్‌బుండ్ అనే సంస్థ. 1919లో మొదలైంది. 1990ల నుంచి తూర్పు ఐరోపాలో లక్షల మంది అవశేషాలను వెలికితీసి సరైన శ్మశానాల్లో పాతిపెట్టింది.

ఇప్పుడు మీ బల్ల మీద ఉన్నదాన్ని చూడండి. ఎముకలు ఎక్కడో అడవిలో ఉన్నాయి. రేపో మాపో ఎవరికో దొరుకుతాయి, గౌరవంగానే పాతిపెడతారు, కానీ రాయి మీద "గుర్తు తెలియని సైనికుడు" అని చెక్కుతారు. మరోవైపు మీ నంబరు వెతికితే బహుశా పేరు దొరుకుతుంది, ఆ పేరు గలవాడు ఎక్కడ ఉన్నాడో మాత్రం ఎవరూ చెప్పలేరు. బిళ్లనూ ఎముకలనూ విడదీసినవాడు ఒకే మనిషిని రెండుసార్లు పోగొట్టాడు. వేలాల్లో విరగని బిళ్లకే ఎక్కువ పలుకుతుంది. ఎవరికి కబురు అందలేదో వాళ్ల బిళ్లకే గిరాకీ. నాకు నిద్ర పట్టనివ్వనిది ఇదే.

సోవియట్ సైనికుల సంగతి ఇంకా కష్టం. వాళ్ల గుర్తింపుకు బిళ్ల బదులు ఎబొనైట్ అనే గట్టి రబ్బరుతో చేసిన చిన్న గొట్టం, లోపల వివరాలు రాసి చుట్టిపెట్టే కాగితం. ఆ కాగితం నింపితే చావును పిలిచినట్టేనని చాలామంది ఖాళీగా వదిలేశారు. 1942 నవంబరులో ఆ గొట్టాలనే రద్దు చేశారు. రాత ఉన్న గొట్టం దొరికితే దాన్ని గుంట దగ్గర తెరవకూడదు, తెలిసినవాళ్ల చేతికే ఇవ్వాలి. ఆత్రపడి తిప్పితే తడి కాగితం ముద్దైపోతుంది. ఒకసారి మాకంటే ముందే ఎవరో తవ్వి వదిలేసిన గుంట చూశాను. హెల్మెట్, బెల్టు పట్టుకుపోయారు. తొడ ఎముకలు ఒక పక్కకు నెట్టేసి ఉన్నాయి. గొట్టం మూత ఒక్కటే మట్టిలో మిగిలింది, నా చిటికెన వేలి కొన అంత. గొట్టమూ లేదు, కాగితమూ లేదు. చుట్టుపక్కల మట్టి సాయంత్రం దాకా జల్లెడ పట్టాం.

పాత_పతకం

మీ పని మీద నాకు గౌరవం ఉంది. కానీ విరగని బిళ్ల అంటే దిక్కులేని శవమే అనడం ఒప్పుకోను. బతికి ఇంటికి వెళ్లినవాళ్ల మెడల్లో ఉన్నవన్నీ విరగనివే కదా.

అధికారుల మీద మీకున్న నమ్మకం కూడా నాకు లేదు. ఫ్రాన్సులో వింటర్‌బర్గ్ సొరంగం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917 మే నెలలో ఫ్రెంచి గుండు పడి ద్వారం మూసుకుపోతే లోపల దాదాపు 270 మంది జర్మన్ సైనికులు చిక్కుకున్నారు, ముగ్గురు తప్ప అందరూ పోయారు. ఆ ద్వారం ఎక్కడుందో కనిపెట్టిన స్థానికులు అధికారులకు చెప్పినా ఏళ్ల తరబడి కదలిక లేదు. చివరికి 2020లో అనుమతి లేకుండా తవ్వారు. ఆ తర్వాతే రెండు ప్రభుత్వాలూ మేలుకున్నాయి. చట్టాన్ని నమ్ముకుని కూర్చుంటే ఆ మనుషుల ఊసు ఎవరు ఎత్తేవారు?

కందకం_అంచున

బతికినవాళ్ల బిళ్లల గురించి మీరన్నది నిజమే, ఒప్పుకుంటున్నాను. అయితే ఈ పెట్టెలో బిళ్ల ఒక్కటే లేదు. ఒకే కోటు బటన్లు ఐదు, దువ్వెన, బిళ్ల, అన్నీ ఒకే మట్టి గడ్డలో. ఇంటికి వెళ్లేవాడు తన కోటు బటన్లనూ దువ్వెననూ బిళ్లనూ ఒకే చోట నేలలో వదిలి వెళ్లడు.

వింటర్‌బర్గ్‌లో తవ్వినవాళ్లు చేసింది సరైనదని నేను అనను. కానీ అక్కడి సంగతి మనకు ఎందుకు తెలిసింది? చోటు చెప్పారు కాబట్టి. మీరు కొనే వేలాల్లో ఏ అమ్మకందారైనా చోటు చెబుతాడా? చెబితే పోలీసులు వస్తారని వాడికి తెలుసు.

చరిత్ర_పాఠకురాలు

చోటు మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. 2009లో ఫ్రాన్సులోని ఫ్రొమెల్ దగ్గర సామూహిక సమాధుల నుంచి 250 మంది ఆస్ట్రేలియా, బ్రిటన్ సైనికుల అవశేషాలు తీశారు. 1916 జులై యుద్ధంలో పోయినవాళ్లు. వాళ్లలో ఒకరి దగ్గర రైలు టికెట్ దొరికింది. ఆస్ట్రేలియాలో ఫ్రీమాంటిల్ నుంచి పెర్త్‌కు తిరుగు ప్రయాణపు సగం. తిరిగి వెళ్లాక వాడుకుందామని దాచుకున్నాడో, జేబులో మరిచిపోయాడో. అది విడిగా వేలంలో కనిపిస్తే పాత కాగితం ముక్క. అతని పక్కన దొరికింది కాబట్టి ఏ ప్రాంతం నుంచి వచ్చాడో చెప్పే ఆనవాలు అయింది.

ఒక_సందేహం

నాకు ఒక సంగతి మింగుడుపడటం లేదు. మనం మాట్లాడుతున్నది హిట్లర్ సైన్యం గురించి. వాళ్లు తగలబెట్టిన ఊళ్లలో చనిపోయినవాళ్లకు బిళ్లా లేదు, రాయీ లేదు. వీళ్ల దువ్వెన గురించి ఇంత బాధ అవసరమా? అసలు ఎన్నేళ్లయితే సమాధి చరిత్ర అవుతుంది? రాజుల సమాధులు తవ్వి మ్యూజియాల్లో పెడితే టికెట్ కొని చూస్తున్నాం కదా.

చరిత్ర_పాఠకురాలు

మీ కోపం నాకు అర్థమవుతుంది. అయినా 1949 జెనీవా ఒప్పందం చనిపోయినవాళ్లను వెతకాలని, వాళ్ల ఒంటి మీద దోపిడీ జరగకుండా చూడాలని, వస్తువులు ఇంటికి పంపాలని, సమాధులను గౌరవించాలని చెప్పినప్పుడు ఏ పక్షం అని అడగలేదు. ఆ నియమం చచ్చినవాడి మంచితనానికి బహుమతి కాదు. ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్ల కోసం, బతికున్న మన చేతులు ఎంతవరకు పోవచ్చో గీత గీయడం కోసం. 1944లో ఒక కాంగ్రెస్ సభ్యుడు జపాన్ సైనికుడి చేతి ఎముకతో చేసిన పేపర్ నైఫ్‌ను అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు కానుకగా ఇచ్చాడు. యుద్ధం ఇంకా నడుస్తూనే ఉంది, అయినా చివరికి దాన్ని తిప్పి పంపి, పాతిపెట్టడం మంచిదని చెప్పించారు.

అదే యుద్ధంలో జపాన్ సైనికుల శవాల మీది నుంచి తీసిన జెండాలు ఎన్నో అమెరికా ఇళ్లలో ఉండిపోయాయి. యుద్ధానికి వెళ్లేవాడి కోసం బంధువులు, స్నేహితులు జెండా తెల్ల భాగం మీద సంతకాలు చేసి ఇచ్చినవి అవి. ఇప్పుడు ఓబాన్ సొసైటీ అనే సంస్థ ఆ సంతకాలు చదివి కుటుంబాలను వెతికి జెండాలు చేరుస్తోంది. చాలా ఇళ్లకు వాటి కొడుకు నుంచి తిరిగొచ్చిన వస్తువు అదొక్కటే.

ఎన్నేళ్లు అన్న ప్రశ్నకు నా దగ్గర అంకె లేదు. 1815లో వాటర్లూ యుద్ధం తర్వాత చచ్చిన సైనికుల పళ్లు పీకి కట్టుడు పళ్లకు అమ్ముకున్నారు. ఆ పని ఆ మర్నాడే జరిగినా, రెండు వందల ఏళ్ల తర్వాత జరిగినా నాకు ఒకటే అనిపిస్తుంది. రాజుల సమాధుల విషయంలో కూడా నాకు మనసు ఒప్పదు, కానీ అక్కడ కనీసం ఏది ఏ సమాధిలోదో రాసి పెడుతున్నారు.

నీటి_అడుగున

సముద్రంలో ఇది ఎంతదాకా పోయిందో చెబుతాను. 1942 ఫిబ్రవరిలో జావా సముద్ర యుద్ధంలో మునిగిన డచ్ యుద్ధనౌకలు డి రాయ్టర్, జావా 2016లో వెతికితే అడుగున లేవు. ఇనుము కోసం ఓడలకు ఓడలే ఎత్తుకుపోయారు, లోపల వందల మంది నావికులు ఉన్నారు.

అయితే పాత_పతకం గారి మాటలోనూ కొంత నిజముంది. 1941 డిసెంబరు 10న మునిగిన బ్రిటిష్ నౌక ప్రిన్స్ ఆఫ్ వేల్స్ గంటను 2002లో అనుమతితోనే పైకి తెచ్చారు, దొంగల పాలవుతుందన్న భయంతో. ఆ గంట తర్వాత మ్యూజియంలో పెట్టారు, ఏ ఓడదో ఎవరికైనా తెలుస్తుంది. తీయడం తప్పనిసరి అయ్యే రోజులు ఉంటాయి. తీశాక ఎవరి అలమరాలోకి వెళ్లింది, దాని కథ దానితో పాటు వెళ్లిందా లేదా అన్నది నేను చూస్తాను.

పాత_పతకం

నా అభిప్రాయం పూర్తిగా మారలేదు. హెల్మెట్లూ బకిల్స్ కొనడం మానను, వాటిలో చాలావరకు ఎవరి సమాధివీ కావని నాకు తెలుసు. కానీ నా దగ్గర విరగని బిళ్లలు మూడు ఉన్నాయి. ఒకదాని మీద ఇంకా మట్టి ఉంది, "అసలైనది అనిపించాలంటే మట్టి అలాగే ఉంచండి" అని అమ్మినవాడు చెప్పాడు. నంబర్లు రాసి పంపడానికి నాకేం అభ్యంతరం లేదు. ఎవరికి రాయాలి?

కందకం_అంచున

ఆర్కైవ్స్‌కూ, ఫోక్స్‌బుండ్‌కూ, ఇద్దరికీ రాయండి. రెండు వైపులా ఫోటో తీయండి. కొన్న తేదీ, అమ్మినవాడు చెప్పిన ప్రతి మాట, అబద్ధమని మీకనిపించినా సరే, రాయండి. మట్టి కడగొద్దు.

అటక_పెట్టె

అందరికీ కృతజ్ఞతలు. అమ్మినవాడికి మూడుసార్లు మెసేజ్ పెట్టాను. రెండింటికి జవాబు లేదు. మూడోదానికి, తానూ ఇంకొకరి దగ్గర కొన్నానని, లాత్వియాలోని కుర్లాండ్ వైపు నుంచి వచ్చిందని విన్నానని రాశాడు. 1944 అక్టోబరు నుంచి యుద్ధం ముగిసేదాకా జర్మన్ సైన్యం చుట్టుముట్టబడి ఉన్న ప్రాంతం అది. ఏ ఊరు, ఏ అడవి అంటే మళ్లీ జవాబు లేదు. ఆ ఒక్క ముక్కనే ఫోటోలతో పాటు రెండు చోట్లకూ రాసి పంపాను.

సగం మట్టి నేను ముందే రుద్దేశాను, దానికి బాధగా ఉంది. రాలిన పొడిని కాగితంలో పొట్లం కట్టాను. బటన్లు, దువ్వెన, బిళ్ల, ఆ పొట్లం, అన్నీ తిరిగి అదే అట్టపెట్టెలో పెట్టాను. పంపమని జవాబు వస్తే విడదీయకుండా అన్నీ కలిపే పంపుతాను.