అలేసియా అసలెక్కడ? బర్గండీలోనా, జురా కొండల్లోనా?

కోటలపిచ్చి:
తెలియనివాళ్ళ కోసం. క్రీ.పూ. 52లో జూలియస్ సీజర్, గాల్ (దాదాపు ఇప్పటి ఫ్రాన్స్) నాయకుడు వెర్సింజెటోరిక్స్‌ని ఒక కొండ మీద ముట్టడించి లొంగదీసుకున్నాడు, ఆ కొండే అలేసియా. ఫ్రాన్స్ ప్రభుత్వం అది బర్గండీలోని అలీజ్-సాంత్-రేన్ అంటుంది, 2012లో అక్కడ పెద్ద మ్యూజియం కూడా తెరిచారు. ఇంకో వర్గం మాత్రం కాదు, అది జురాలో షో-దె-క్రోతనే దగ్గరుంది అని 1960ల నుంచి పోరాడుతోంది. మీరెటు? ఎందుకు?

సీమరాయి:
నా ఓటు జురాకే. ఒక్క లెక్క చూడండి చాలు. లోపల 80,000 మంది సైన్యం ఉందని సీజరే రాశాడు. అలీజ్ కొండ నెత్తి మీద చదును సుమారు 97 హెక్టార్లు, అంటే 240 ఎకరాలు. మనిషికి 14 గజాలు వస్తుంది. అందులోనే ఊరి జనం మాండుబీలు, వాళ్ళ పిల్లాజెల్లా, గొడ్డూగోదా, 30 రోజుల ధాన్యం. ఇంతమంది ఎక్కడ పడుకుంటారు? పైగా సీజర్ అది చాలా ఎత్తైన చోటు, ముట్టడి వేస్తే తప్ప పట్టుకోలేం అన్నాడు, అలీజ్ చూస్తే పక్క మైదానం కంటే 150 మీటర్ల పైచిలుకు, అంతే.

రాజమండ్రి_రవి:
14 గజాల్లో మా హాస్టల్‌లో నలుగురం ఉన్నాం 😀

పాతబస్తీ_మాస్టారు:
సీమరాయి గారూ, లెక్క బాగుంది గానీ సీజర్ చెప్పింది సగమే తీసుకున్నారు. కొండ తూర్పు వైపు గోడ కింద వాలంతా గాల్ సైన్యం నిండిపోయిందని, దాని ముందు కందకం తవ్వి ఆరడుగుల రాతి గోడ కట్టుకున్నారని అదే చోట రాశాడు. అంటే 80,000 మందీ నెత్తి మీదే లేరు. ఇంకోటి, యుద్ధం గెలిచిన సేనాపతి చెప్పే శత్రువుల సంఖ్యని అంత అక్షరాలా పట్టుకుంటే ఎలా? బయటి నుంచి సాయానికొచ్చిన వాళ్ళు రెండున్నర లక్షల కాల్బలం అంటాడు, ఆ సంఖ్యని నమ్మే చరిత్రకారుడు నాకైతే కనపడలేదు. మ్యాప్ కాదండీ, మట్టి చూడాలి. 1991 నుంచి 1997 దాకా మిషెల్ రెడ్డే, జీగ్మార్ ఫాన్ ష్నూర్‌బైన్ ఆధ్వర్యంలో ఫ్రెంచి, జర్మన్ వాళ్ళు కలిసి అలీజ్‌లో తవ్వారు. లోపలి వైపుకొకటి, బయటి వైపుకొకటి రెండు వరసల ముట్టడి కందకాలు, వాటి ముందు వరసలు వరసలుగా శత్రువు కాళ్ళు ఇరుక్కునేలా తవ్విన గుంతలు, ఇనప ములుకులు దొరికాయి. సీజర్ కింద పని చేసిన లబియెనస్ పేరు పోసిన సీసపు వడిసెల గుండ్లు కూడా దొరికాయి. ఆ మనిషి పేరు ఆ కొండ దగ్గరికి ఎలా వచ్చిందో చెప్పండి.

సీమరాయి:
కందకాలు దొరికాయి సరే, సీజర్ చెప్పిన కొలతలు ఉన్నాయా? 20 అడుగుల కందకం, 80 అడుగులకో బురుజు అన్నాడు. అక్కడి కొలతలు అచ్చంగా కలవలేదని తవ్వినవాళ్ళే ఒప్పుకున్నారు. 80,000 దగ్గరేమో సీజర్ గొప్పలు చెప్పాడంటారు, గుంతల దగ్గరకొచ్చేసరికి సీజర్ సత్యవంతుడు అంటారు. ఇదెక్కడి న్యాయం మాస్టారూ? అసలు 1860ల్లో మూడో నెపోలియన్ మనుషులు తవ్వింది ఎవరి కోసం? చక్రవర్తికి కావాల్సింది చక్రవర్తికి దొరికింది. కొండ మీద వెర్సింజెటోరిక్స్ విగ్రహం పెట్టి దానికి చక్రవర్తి పోలికలే చెక్కించుకున్నారు. అదే ఏడు సీజర్ ఓడిపోయిన గెర్గోవియా ఇదేనంటూ మెర్దోన్ అనే ఊరికి 1865లో గెర్గోవీ అని పేరే మార్చేశారు. ఇలాంటి రాజు బోర్డు పెడితే నమ్మాలా?

దిజాన్_సుబ్బు:
నేనుండేది దిజాన్‌లోనే, అలీజ్ మాకు రైల్లో దగ్గర. గెర్గోవీ పేరు మార్చిన మాట నిజం, కానీ అలీజ్‌కి ఎవరూ కొత్త పేరు పెట్టలేదు. 9వ శతాబ్దంలోనే ఓసేర్ సన్యాసి హెరిక్ ఈ కొండే సీజర్ అలేసియా అని రాసిపెట్టాడు. 1839లో దొరికిన గాల్ భాష శాసనంలో అలీసియా అన్న ఊరి పేరే ఉంది, అప్పటికి మూడో నెపోలియన్ గద్దె ఎక్కనే లేదు.

సీమరాయి:
పేరు ఉంటే సరిపోతుందా? ఒకే పేరుతో మనకెన్ని ఊళ్ళు లేవు?

కృష్ణాతీరం:
వాదన అక్కడక్కడే తిరుగుతోంది

పాతబస్తీ_మాస్టారు:
సీమరాయి గారూ, మీకు సాక్ష్యం చూపిస్తే పేరు చాలదంటారు, పేరు తీసేస్తే మట్టి చాలదంటారు. జురాలో ఏం దొరికింది? జురా వాదం మొదలుపెట్టిన పురావస్తు పండితుడు ఆంద్రే బెర్తియే సీజర్ వర్ణన నుంచి ఒక ఊహాచిత్రం గీసుకుని దానికి సరిపోయే కొండ కోసం మ్యాపులు వెతికాడు. ఊహాచిత్రానికి సరిపోయిన ప్రతివాడూ దొంగ అవుతాడా? ఇవన్నీ వాట్సాప్ చరిత్రలు.

సీమరాయి:
వాట్సాప్ అని నన్నంటావా? నువ్వు పాఠం చెప్పావేమో, నేను అనుభవించాను. మా ఊళ్ళో మా నాన్న బావి తవ్విస్తుంటే పెద్ద పెద్ద ఇటుకలు, గుప్పెడు సీసపు నాణేలు బయటపడ్డాయి. ఒక ఆఫీసు నుంచి ఇద్దరొచ్చి నాణేలు మూటకట్టుకుని పోయారు, రసీదు లేదు. మా నాన్న ఎన్ని ఉత్తరాలు రాసినా జవాబు రాలేదు, తర్వాత పక్క ఊళ్ళో బోర్డు పెట్టి మా ఊళ్ళో ఏమీ లేదని తేల్చేశారు. తవ్వకుండానే! జురా వాళ్ళని చూస్తే నాకు మా నాన్నే గుర్తొస్తాడు. చదువుకున్నవాళ్ళు ఒకసారి తేల్చేస్తే పల్లెటూరివాడి మాట ఎవడూ వినడు.

మోడరేటర్:
సీమరాయి గారూ, ఏకవచనం వద్దు. మాస్టారూ, వాట్సాప్ మాట మీరూ వెనక్కి తీసుకోవాలి.

కోటలపిచ్చి:
ఇప్పుడు అసలు గొడవ బయటపడింది. ఇది 14 గజాల గొడవ కాదు, ఎవరు తవ్వాలి, ఎవరు తేల్చాలి అన్న గొడవ. సీమరాయి గారి వైపు ఒక మంచి ఉదాహరణ నేనే చెప్తాను. బిబ్రాక్ట్ అనే పాత గాల్ పట్టణం అంటే ఇప్పటి ఓతన్ ఊరే అని చాలామంది పండితులు నమ్మేవాళ్ళు. బ్యూలియో అనే ఒక వైన్ వ్యాపారి కాదు, అది బవ్రే కొండ అని పట్టుబట్టి 1867 నుంచి తవ్వించి నిరూపించాడు. జర్మనీలో క్రీ.శ. 9లో రోమన్ సేనాపతి వరుస్ సైన్యం నాశనమైన చోటుకి దారి చూపింది కూడా ఒక బ్రిటిష్ సైనికాధికారే, 1987లో కల్క్రీజ పొలాల్లో మెటల్ డిటెక్టర్ పట్టుకుని నాణేలు ఏరాడు.

పాతబస్తీ_మాస్టారు:
సరిగ్గా నేను చెప్పేదీ అదే. వాళ్ళిద్దరూ భూమిలోంచి తీసి చూపించారు. కల్క్రీజలో ఆయన అక్కడి పురావస్తు అధికారికి చెప్పే పని మొదలుపెట్టాడు.

సీమరాయి:
వాళ్ళకి తవ్వనిచ్చారు! జురాలో చిన్న చిన్న గుంతలకి తప్ప పెద్ద తవ్వకానికి పర్మిషనే ఇవ్వలేదు. తవ్వనివ్వకుండా ఏం దొరికిందని అడగడం ధర్మమా?

పాతబస్తీ_మాస్టారు:
తవ్వనివ్వాలి. ఈ మాట నేను గట్టిగానే అంటాను, మీ ఊళ్ళో కూడా తవ్వి ఉండాల్సింది, మీ నాన్నగారికి జవాబు ఇచ్చి ఉండాల్సింది. కానీ మీ నాన్నగారికి జరిగిన అన్యాయం అలీజ్ మట్టిలో దొరికిన సీసపు గుండుని అబద్ధం చెయ్యదు.

సీమరాయి:
1860ల్లో దొరికినవి నేను నమ్మను, 1991 తర్వాతవి వేరే సంగతి. కానీ 80,000 మంది లెక్క మాత్రం ఇంకా తేలలేదు.

దిజాన్_సుబ్బు:
తూర్పు వాలు కూడా కలిపి మళ్ళీ లెక్క కట్టండి అన్నా.