కాంఫ్రీ ఎరువు కంపు తగ్గేదెలా?

బెంగళూరులో మా మేడ మీద నాటిన కాంఫ్రీ (ఆకులతో ఎరువు చేసుకునే మొక్క) వేరుముక్క గుబురుగా పెరిగింది. ఆకులు గరుగ్గా, నూగుతో ఉంటాయి. మా అత్తయ్య బజ్జీలు వేద్దామన్నారు. అందులో లివర్‌ని దెబ్బతీసే ఆల్కలాయిడ్లున్నాయని, 2001లోనే అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కడుపులోకి తీసుకునే కాంఫ్రీ సప్లిమెంట్లను అమ్మకం నుంచి తీసేయమని కంపెనీలకు చెప్పిందని ఆపాను. చివరికి వామాకు బజ్జీలతో రాజీ.

టమాటాలకు పొటాషియం అందుతుందని ఆకులు బకెట్ నీళ్లలో నానబెట్టా. మూడు వారాలకు మూత తీస్తే చచ్చిన ఎలుక కంపు! కింది ఫ్లాట్ ఆంటీ పైకి వచ్చేశారు.

నీళ్లు పోయకుండా, ఆకుల మీద బరువు పెట్టి మగ్గబెడితే వాసన తక్కువంటారు, నిజమేనా? అలా వచ్చే నల్లటి రసాన్ని ఎన్ని నీళ్లలో కలిపి పోస్తున్నారు? లేక కోసిన ఆకుల్ని నేరుగా కుండీల్లో పరిచేస్తే చాలా?